పీట మీద కెమెరా

ఆ దసరా నాడు మా ఇంట్లో పోయినవాటి లెక్క ముందుగా చెప్తాను. టోపీ ఒకటి. మా తాత మీసంలో ఎడమ సగం. లక్ష్మీదేవి పటానికి ఉన్న టేకు చట్రం. పటం మాత్రం దక్కింది. బాపమ్మ కొత్త చీర కొంగులో జానెడు. బంతిపూల దండలు ఏడు. గంగాళం నిండా పులిహోర, ఎందుకంటే దాంట్లో నల్లటి నుసి పడింది. ఎండుమిరపకాయల బస్తా ఒకటి. అది పూర్తిగా కాలిపోయి ఉంటే మేలుగా ఉండేది, సగం కాలి సగం పొగ పెట్టడం వల్లనే బజారంతా ఏడ్చింది. చివరగా రెండు వందల అడుగుల సినిమా రీలు, దానితో పాటు మా చిన్నబాపు బొంబాయి ప్రయాణం. ఈ చివరి రెండింటినీ ఒకే నష్టంగా లెక్కించాలా, వేరువేరుగా లెక్కించాలా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు.

ఇన్నేళ్ల తర్వాత ఈ లెక్క మళ్లీ తీయడానికి కారణం ఒక జపాన్ సినిమా. మా మేడ మీద అద్దెకుండే లెక్చరర్ అబ్బాయి హనుమకొండలో స్నేహితులతో కలిసి నెలకొక పరదేశపు సినిమా వేయిస్తుంటాడు. పోయిన నెల నన్నూ చిన్నబాపునూ రమ్మని పట్టుబట్టాడు. చిన్నబాపు అంటే మా బాపుకు తమ్ముడు, తాతకూ బాపమ్మకూ చిన్న కొడుకు, పేరు వీరేశం. ఇప్పుడు ఆయనకు అరవై దాటాయి, ఇంకా పొద్దున్నే మిర్చి మండీకి వెళ్లి కూర్చుంటాడు. నేను అదే మండీలో లెక్కలు చూస్తాను. సినిమాకు ముందు ఆ అబ్బాయి దాన్ని తీసిన దర్శకుడి జీవితం చెప్పాడు. ఆ పేరుకు నా నోరు తిరగలేదు. చిన్నతనంలో ఇంట్లో చెప్పకుండా స్టూడియోలో చేరి కెమెరాలు మోశాడట. మాటలు రాని సినిమాలతో మొదలుపెట్టాడట. యుద్ధం రోజుల్లో రీలు దొరక్క చేతులు ముడుచుకొని కూర్చున్నాడట. యుద్ధం అయిపోయాక చచ్చేదాకా తిప్పి తిప్పి ఒకే రకం కథ తీశాడట: ఒక ఇల్లు, ఒక తండ్రి, నేల మీద చాపలు. కెమెరాను ఎప్పుడూ నేలకు రెండు జానల ఎత్తులోనే పెట్టేవాడని, దాని వెనుక పెద్ద తత్వం ఉందని ఆ అబ్బాయి చాలాసేపు వివరించాడు. చిన్నబాపు నా చెవి దగ్గరికి వంగి, ‘‘పాపం, ఆయన కెమెరకు గూడ కాళ్లు చెదలు తిన్నయేమోనే’’ అన్నాడు. నాకు నవ్వు ఆగలేదు. ముందు వరసలోని వాళ్లు వెనక్కి తిరిగి చూశారు. తర్వాత దీపాలు ఆర్పారు, తెర మీద ఒక ముసలాయన నేల మీద కూర్చుని మంచినీళ్లు తాగాడు, నాకు నవ్వు ఆగిపోయింది.

మా ఇల్లు వరంగల్ చౌరస్తా దగ్గర, ముందు మిర్చి మండీ, వెనక కాపురం. మధ్యలో ఒకటే గోడ, ఆ గోడకు తలుపు లేని దారి. అందుకని మా ఇంట్లో అన్నం, పూజ, నిద్ర, పెండ్లిచూపులు అన్నీ ఎండుమిరపకాయల ఘాటులోనే జరిగేవి. కొత్తగా వచ్చిన చుట్టాలు మొదటి పూట తుమ్మేవారు, రెండో పూట దగ్గేవారు, మూడో పూట ఏదో పని గుర్తొచ్చి వెళ్లిపోయేవారు. మా అమ్మ కాపురానికి వచ్చిన మొదటి నెలంతా కండ్లు తుడుచుకుంటుంటే, పుట్టింటి మీద బెంగ అనుకొని తాత ఆమెను రెండుసార్లు పుట్టింటికి పంపాడట. తాత మాత్రం ఆ ఘాటులోనే పుట్టినట్టు ఉండేవాడు. పొద్దున తానం చేసి, మీసం దువ్వుకొని, దుకాణంలో తెల్లటి పరుపు మీద కూర్చుంటే మళ్లీ అన్నానికి లేవడం. ఆ మధ్యలో కదలడు. రైతులు బేరం ఆడుతూ ఆడుతూ ఆయన మొఖం చూసి వాళ్లంతట వాళ్లే ధర తగ్గించుకునేవారు.

అలాంటి ఇంట్లో పుట్టిన చిన్నబాపు కాజీపేటలో రైలెక్కి బొంబాయికి పారిపోయాడు. ఏడాదిన్నర అక్కడ ఏదో స్టూడియోలో లైట్లు మోసి, ఒక టోపీతో, ఒక మూత బిగించిన తగరపు డబ్బాతో తిరిగి వచ్చాడు. డబ్బాలో రీలు. పెద్ద సినిమాలకు వాడగా మిగిలిన ముక్కను అక్కడి ఉస్తాద్ ఒకాయన దయతలచి ఇచ్చాడట. ‘‘దీని మీద నీ అంతట నువ్వు ఏమన్న తీసి పంపు. నచ్చితే నిన్ను నా దగ్గర పెట్టుకొని డైరెక్టర్ పని నేర్పుత’’ అన్నాడట. యుద్ధం మూలంగా రీలు ఎక్కడా దొరకని కాలం. అది పాడైతే ఇంకోటి లేదు. ఇక కెమెరా: కాజీపేటలో రైల్వే కొలువు చాలించి పోతున్న దొర ఒకాయన దగ్గర చేత్తో తిప్పే పాత కెమెరా ఉందని తెలిసి, ఆ దొరకు కారమంటే ప్రాణమని కూడా తెలిసి, చిన్నబాపు మండీలో నుంచి ఒక బస్తా మిరపకాయలు మోసుకుపోయి కెమెరా తెచ్చాడు. దాని మూడు కాళ్ల స్టాండును అప్పటికే చెదలు తిన్నాయి. తాతకు సంగతి తెలిసిన తర్వాత ఆయన చాన్నాళ్లు కెమెరాను కెమెరా అనలేదు.

‘‘ఏందిరా వీరేశం, ఆ బస్తా మిరపకాయల మీద దుమ్ము పడ్తాంది, గుడ్డ కప్పరాదు?’’ అనేవాడు.

బేరం మాత్రం ఆయన కుదుర్చుకున్నాడు. దుకాణంలో అందరి ముందూ చెప్పాడు: ‘‘తీసి పంపు. బొంబాయోడు రమ్మంటే పో, నేను ఆప. వద్దంటే ఈ పరుపు మీద కూచో, మళ్ల సినిమా పేరెత్తకు. సరేనా?’’ చిన్నబాపు సరేనన్నాడు. ఇద్దరూ వ్యాపారస్తులు కనుక మాట అక్కడితో గట్టిపడింది.

కథ విన్న రోజు మా ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. నడింట్లో అందరినీ కూర్చోబెట్టి చిన్నబాపు చెప్పాడు: ‘‘తండ్రి కూచుంటడు. బిడ్డ మంచినీళ్లు తెస్తది. తండ్రి తాగుతడు. బిడ్డ చెంబు తీస్కొని పోతది. తండ్రి కూచుంటడు.’’

‘‘తర్వాత?’’ అన్నాడు మా బాపు.

‘‘తర్వాత ఏం లేదన్నా. గంతే.’’

బాపమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుంది. ‘‘గిదేం కథరా? మనింట్ల దినాం అయ్యేదే గదా. ఎవరన్న జర సచ్చిపోవుడన్న పెట్టు. ఎవరు దొరకకుంటే నేను సస్త, తియ్యి.’’

‘‘వద్దవ్వా.’’

‘‘పోనీ ఒక్క పాట?’’

‘‘దీంట్ల మాట రాదవ్వా, బొమ్మ ఒక్కటే.’’

‘‘మాట గూడ రాకుంటే చూసినోళ్లు మూగోళ్ల ఇల్లనుకుంటరు గదరా! రేపు మనకు పిల్లనెవరిస్తరు?’’

బిడ్డ వేషం నాది. అప్పుడు నాకు తొమ్మిదేండ్లు. దానితో పాటు ఇంకో పని కూడా నాకే పడింది. కెమెరా పిడిని సమంగా తిప్పాలి, రెండు తిప్పులకు ఒక అడుగు రీలు పోతుంది. రెండు వందల అడుగులంటే నాలుగు వందల తిప్పులు. చిన్నబాపు తిప్పుతూ లెక్క తప్పుతాడు కనుక నేను పైకి లెక్కపెట్టాలి. బడిలో నేను ఐదో తరగతి దాటలేదు. నాకు తెలిసిన లెక్కంతా ఆ పిడి చుట్టూ నేర్చుకున్నదే. చెంబు పట్టుకొని నడుస్తూ కూడా ‘‘నూట ఎనభై ఒకటి, నూట ఎనభై రెండు’’ అనాలి. పెదవులు కదులుతాయి గదా అని అడిగితే, ‘‘కదలనియ్యే రుక్కూ, చూసేటోళ్లు నువ్వు తండ్రితోని ఏదో ముచ్చట చెప్తానవనుకుంటరు’’ అన్నాడు. అలా ఆ సినిమాలో నా మాటలన్నీ అంకెలే.

కెమెరాకు కాళ్లు లేవు కనుక బాపమ్మ అన్నం తినే పీట తెచ్చి దాని మీద పెట్టాడు. అందరం నేల మీద కూర్చునే ఇల్లు, కెమెరా కూడా మాలాగే కూర్చుంది. తండ్రి వేషం మొదట మా బాపుకు ఇచ్చాడు. రీలు పెట్టకుండా ఊరికే కూర్చోబెట్టి చూస్తే బాపు ఒక్క నిమిషం ఊరుకోలేడు. వీపు గోక్కున్నాడు, తుమ్మాడు, కెమెరా దిక్కు చూసి పళ్లు ఇకిలించాడు, బయట బస్తాలు దించే హమాలీని ‘‘అరే, జర నిమ్మళంగ!’’ అని కేకేశాడు. మూడు రోజులు ఇదే తంతు. నాలుగో రోజు గోడ అవతల పరుపు మీద నుంచి ఇదంతా చూస్తున్న తాతకు సహనం పోయింది. లేచి వచ్చాడు.

‘‘లే. నువ్వు లే ముందుగాల. కూచునుడు గూడ రాదారా నీకు? నలభై ఏండ్ల సంది నేను చేస్తాన్న పని ఇది.’’

కొడుకును పక్కకు నెట్టి ఆయనే కూర్చున్నాడు. చిన్నబాపు ఆయన మనసు మారకముందే దుప్పటి కింద దూరి కెమెరాలో రీలు ఎక్కించాడు. నేను ఒకటి అన్నాను. తాత కూర్చున్నాడు. అట్లా కూర్చోవడం నేను మళ్లీ పోయిన నెల తెర మీదనే చూశాను. నూట అరవై దగ్గర నేను చెంబుతో వెళ్లాను. ఆయన నీళ్లు తాగి, చెంబు ఇచ్చి, నా దిక్కు ఒకసారి చూశాడు. సరిగ్గా అప్పుడే బయట హమాలీలు ఒక బస్తాను దబ్బున పడేశారు, ఘాటు గాలిలో లేచింది. తాత తుమ్మలేదు, కదలలేదు. కండ్లలో నీళ్లు మాత్రం తిరిగి, మెల్లగా మీసం మీదికి దిగాయి. చిన్నబాపు పిడి ఆపలేదు. నాలుగు వందలు అనగానే తాత కండ్లు తుడుచుకొని, ‘‘అయిందా నీ బస్తా పని?’’ అని దుకాణంలోకి వెళ్లిపోయాడు. చిన్నబాపు రీలును మళ్లీ దుప్పటి కింద డబ్బాలో పెట్టి, మూత చుట్టూ నల్ల పట్టీ అంటించి, ‘‘రుక్కూ, దీన్ని కడిగేదాక వెలుతురు తాకొద్దు, తాకితే అంతా పోతది’’ అని నాకు చెప్పాడు. ఆ కడిగే పని బొంబాయిలోనే అవుతుంది. నాకు చెప్పాడు గాని తాతకు చెప్పలేదు. తాతకు ఆ డబ్బాతో పని ఉంటుందని ఎవరనుకుంటారు?

దసరా నాడు దుకాణంలో కాంటా, తూకం రాళ్లు, బస్తాలు కుట్టే దబ్బనాలు అన్నీ కడిగి పటం ముందు పెట్టి పూజ చేస్తాం. మా దుకాణంలో ఇంకో పద్ధతి ఉండేది: అమ్మవారి ముందు మూసిన సరుకు పెట్టకూడదు. ప్రతి బస్తా మూతి విప్పాలి, ప్రతి డబ్బా మూత తీయాలి. మూసిపెట్టిన సరుకు మూసిన బేరమని తాత నమ్మకం. ఆ పొద్దున చిన్నబాపు కాజీపేట పోయాడు. తెలిసిన రైలు గార్డు ఒకాయన మర్నాడు డబ్బాను చేతితో బొంబాయి చేరుస్తానన్నాడు, ఆ సంగతి ఖాయం చేసుకోవడానికి. పూజకు అన్నీ సర్ది తాత ఒకసారి చూసుకున్నాడు. తర్వాత నా దిక్కు తిరిగి, ‘‘మీ చిన్నబాపు కెమెర తేపో’’ అన్నాడు.

ఆయన ఆ మాట అనడం అదే మొదటిసారి. బాపమ్మ తలెత్తి చూసింది.

‘‘ఏం చూస్తానవ్? వాని పనిముట్టు గాదా అది? వానికి గూడ అమ్మ సల్లగ చూడొద్దా?’’ అన్నాడు తాత. నేను కెమెరా తెచ్చాను. ఆయనే లోపలికి వెళ్లి డబ్బానూ టోపీనీ కూడా తెచ్చాడు.

‘‘టోపీ ఎందుకయ్యా?’’ అంది బాపమ్మ.

‘‘అది లేకుంటే వాడు డైరెక్టరని ఎట్ల తెలుస్తది?’’

తర్వాత డబ్బా చేతిలోకి తీసుకొని గోటితో నల్ల పట్టీ లాగడం మొదలుపెట్టాడు. నేను అరిచాను. ‘‘తాతా, తియ్యకు! వెలుతురు తాకితే అంతా పోతదట!’’

తాత నా దిక్కు జాలిగా చూశాడు. ‘‘లక్ష్మమ్మ ముందటి దీపం తాకితే పోయే సరుకు ఏం సరుకు బిడ్డా?’’

నేను చెయ్యి పట్టుకుంటే మా బాపు నన్ను ఎత్తి పక్కన కూర్చోబెట్టాడు. తాత మూత తీశాడు, రీలు మూరలకు మూరలు బయటికి లాగి దండలాగా పటానికి వేశాడు, జానకొక పసుపు బొట్టు, దాని మీద కుంకుమ పెట్టాడు. అంత శ్రద్ధగా ఆయన తన కాంటాకు కూడా పెట్టలేదు. బాపమ్మ దండం పెట్టుకొని, ‘‘తల్లీ, నా కొడుకు బొంబాయి పోవాలె, మంచిగుండాలె, నెలకోసారన్న రావాలె’’ అని మొక్కింది. కర్పూరం వెలిగించి తాత హారతి తిప్పాడు.

ఆ కాలపు రీలు ఎంత త్వరగా అంటుకుంటుందో తెలిసినవాళ్లు బొంబాయిలో ఉన్నారు గాని మా మండీలో లేరు. బుస్సుమని ఒక్కటే మంట. పటం మీద నుంచి తాత మీసం మీదికి, అక్కడి నుంచి బాపమ్మ కొంగుకు. నీళ్లు కుమ్మరిస్తే ఆరలేదు, ఇంకా రేగింది. మా బాపు, జీవితంలో ఆ ఒక్క నిమిషం మాత్రం అటూ ఇటూ కదలడం పనికొచ్చి, డబ్బాను కాలితో వాకిట్లోకి తన్నాడు. ఎవరి ఒంటికీ ఏమీ కాలేదు. కాని పోతూ పోతూ డబ్బా మూతి విప్పిన మిరపకాయల బస్తాను రాసుకుంటూ పోయింది.

మిరప పొగ సంగతి చెప్పనక్కరలేదు. కొన్ని నిమిషాల్లో మా వరస దుకాణాలన్నీ ఖాళీ. పండుగ బట్టలతో బజారు బజారంతా రోడ్డు మీద నిలబడి కండ్లు తుడుచుకుంటోంది. అదే సమయానికి చిన్నబాపు కాజీపేట నుంచి టాంగాలో దిగాడు. మా ఇంటి ముందు జనం, అందరి కండ్లలో నీళ్లు. గాజుల దుకాణం ఆయన చిన్నబాపు రెండు చేతులూ పట్టుకొని దగ్గుతూ ఏడుస్తూ మాట పెగలక నిలబడ్డాడు.

‘‘ఎవరు పోయిండ్రే? మా బాపు ఉన్నడా?’’ అని చిన్నబాపు కేక పెట్టాడు.

‘‘ఉన్నడు, ఉన్నడు. సగం మీసం పోయింది.’’

‘‘అవ్వ?’’

‘‘ఉన్నది. కొంగు కాలింది.’’

‘‘మరెవరు పోయిండ్రు?’’

‘‘నీ సినిమా పోయింది తమ్మీ.’’

చిన్నబాపు మొదట నవ్వాడు. ఎవరూ చావలేదన్న సంతోషంలో పెద్దగా నవ్వి గాజులాయనను కౌగిలించుకున్నాడు. తర్వాత లోపలికి వచ్చి వాకిట్లో నల్లగా మిగిలిన డబ్బాను చూశాడు. తర్వాత ఒక పక్క మీసంతో నిలబడ్డ తండ్రిని చూశాడు. చిన్నబాపు ఏడ్చాడో లేదో నేను చెప్పలేను, ఆ రోజు ఎవరి కన్నీళ్లు ఎందుకో వేరుచేసి లెక్కపెట్టే వీలు లేదు.

మర్నాడు పొద్దున తాత తానం చేసి వచ్చేసరికి చిన్నబాపు దుకాణంలో పరుపు మీద కూర్చొని ఉన్నాడు.

‘‘లే’’ అన్నాడు తాత.

‘‘షరతు గదా బాపూ.’’

‘‘బొంబాయోడు వద్దన్నడా? అనలే. మరి షరతేడిది? కాల్చినోన్ని నేను. నేనే తెచ్చిస్త.’’ జీవితంలో మొదటిసారి మీసం తీయించుకొని తాత హైదరాబాదు పోయాడు. అక్కడ ఫోటోల దుకాణాలన్నీ తిరిగి, ‘‘సినిమా రీలు గజమెంత?’’ అని అడిగాడట. ‘‘యుద్ధం పెద్దాయనా, జపానోనితోని లడాయి అయిపోయేదాక ఓడలు రావు, సరుకు రాదు’’ అన్నారట. తాత తిరిగి వచ్చి ఆ జపానోడు ఎవరో ఒక్కడే మనిషి, రీళ్లన్నీ వాని గోదాములో పెట్టుకొని ధర కోసం ఆపుతున్నాడన్నట్టు మాట్లాడేవాడు. ‘‘ఎన్నాళ్లు ఆపుతడు? పురుగు పట్టదా?’’ అనేవాడు. తీరా యుద్ధం అయిపోయేసరికి బొంబాయిలో ఆ స్టూడియో మూతపడింది, ఉస్తాద్ ఎటు పోయాడో చెప్పేవాళ్లు లేరు. రీలు దొరికినా పంపడానికి చిరునామా లేదు.

ఆ ఏడు దసరా నాడు పూజ కాగానే తాత నడింట్లోకి వచ్చి, గోడకు ఆనుకొని, అదే చోట కూర్చున్నాడు. ‘‘వీరేశం, కెమెర పట్రా’’ అన్నాడు.

‘‘దాంట్ల ఏం లేదు బాపూ.’’

‘‘లేకుంటే లేకపాయె. నీ నాలుగు వందల తిప్పులు నేను బాకీ. రీలు ఇయ్యలేను, కూచుండుడు ఇయ్యగల్త. అన్నీ ఒక్కసారే కావు, నడుం నిలుస్తలేదు. ఏడాదికి ఎనభై. పిల్లా, నువ్వు లెక్క చూసుకో.’’

బాపమ్మ తలుపు దగ్గర నిలబడి గొణిగింది. ‘‘ఉత్త డబ్బ ముందట కూచుంటే ఏమొస్తదయ్యా?’’

‘‘నీకు తెల్వదు, ఊకో’’ అని తాత నడుం నిటారుగా చేసుకున్నాడు. చిన్నబాపు పీట తెచ్చి, కెమెరా పెట్టి, కన్ను ఆనించి, పిడి పట్టుకున్నాడు. నేను ఒకటి అన్నాను. మొదటి ఏడు ఇద్దరిలో ఎవరికీ నవ్వు రాలేదు. రెండో ఏడు తాతే, ‘‘వెలుతురు చాలుతాందారా?’’ అని అడిగాడు. మూడో ఏడు చిన్నబాపు, ‘‘జర కుడి పక్కకు బాపూ’’ అన్నాడు, తాత జరిగాడు. నాలుగో ఏటికి నా ఎత్తు పెరిగి, చెంబు తెచ్చేటప్పుడు వంగాల్సి వచ్చింది. అదే ఇల్లు, అదే తండ్రి, అదే పీట. ఏటా ఒక సినిమా, రీలు మాత్రం లేదు. ఆ జపాన్ ఆయన జీవితమంతా చేసిందీ అదేనని లెక్చరర్ అబ్బాయి చెప్పినప్పుడు నేను చిన్నబాపు మొఖం చూడలేదు.

ఇప్పుడు మా ఇంట్లో నేల మీద కూర్చునేవాళ్లు లేరు. నా మోకాళ్లు వంగవు, పిల్లలకు బల్ల కావాలి. ఆ పీట మీదనే కెమెరా పెట్టి తీస్తే కుర్చీ కాళ్లూ మా కాళ్లూ తప్ప ఏమీ పడవు. మండీ గంజ్ మార్కెట్టుకు మారింది, ఇంట్లో ఘాటు లేదు, ఎవరైనా కండ్లు తుడుచుకుంటే ఎందుకని అడగాల్సి వస్తోంది. మనవరాళ్లు పెండ్లిళ్లలో గంటల కొద్దీ ఫోటోలు దిగుతారు, ఒక్కదానిలోనూ ఊరికే కూర్చున్న మనిషి లేడు. ఏది మేలని తూచి చెప్పమంటే నేను చెప్పను. ఈ రెండింటికీ ఒకే కాంటా పనికి రాదు.

ఐదో దసరాకు తాత బాగా నీరసపడ్డాడు. అయినా కూర్చున్నాడు. నలభై నాలుగు అనగానే ఆయన గడ్డం ఛాతీ మీదికి వాలింది. గురక మొదలైంది. చిన్నబాపు పిడి ఆపేశాడు. ‘‘తిప్పరాదురా, మంచిగనే కూచున్నడు గదా’’ అన్నాడు మా బాపు. ‘‘నిద్ర లెక్కకు రాదన్నా. తెల్లారి తీస్కుంటం’’ అన్నాడు చిన్నబాపు. తెల్లారి జ్వరం. ఆ చలికాలం దాటలేదు.

పెద్దకర్మ నాడు అన్నాలయ్యాక, పోయినాయన ఎవరికైనా బాకీ ఉన్నాడా అని పెద్ద కొడుకు అందరి ముందూ అడగడం మా ఇండ్లలో పద్ధతి. మా బాపు లేచి అడిగాడు. చుట్టాలంతా ఊరుకున్నారు, తాత ఎవరికీ బాకీ పెట్టే మనిషి కాదు. అప్పుడు చిన్నబాపు లేచి నిలబడి, ‘‘నాకున్నడు’’ అన్నాడు. సొంత కొడుకే బాకీ అడిగేసరికి ఆడవాళ్ల వైపు గుసగుసలు మొదలయ్యాయి, అన్నదమ్ములకు అప్పుడే పంచాయతీ వచ్చిందని ఒక మేనత్త ఏడుపు అందుకుంది. మా బాపు తమ్ముడిని చూసి, నన్ను చూశాడు. నేను లెక్క చెప్పాను. పెద్దలలో ఒకాయన విషయం విని, నవ్వు ఆపుకొని, ‘‘పోయినాయన మీద ఏం వసూలు చేస్తవు నాయనా, మాఫీ చేసిన్నని అనరాదు?’’ అన్నాడు.

‘‘చెయ్య’’ అన్నాడు చిన్నబాపు.

తర్వాత ఇంకో రెండుసార్లు అడిగారు. రెండుసార్లూ తల అడ్డంగా ఊపాడు. అందుకని మా తాత లెక్క ఇప్పటికీ మూయలేదు: ముప్పై ఆరు తిప్పులు.